సున్నం వేసే చోటు

“అక్కర్లేదంటే ఏటే అర్థం? కాయితాలు అక్కర్లేదా, కాయితాలు సేసే మనిసి అక్కర్లేదా?”

పొద్దుటి నుంచి భద్రమ్మ ఈ మాట అడగడం ఇది మూడోసారి. నోరు అడుగుతూనే ఉంది, చేతులు పని చేస్తూనే ఉన్నాయి. ఇత్తడి పళ్లెంలో చిక్కగా కలిపిన పసుపు నీళ్లు. పక్కన పీట మీద వేలెడు పొడవున కత్తిరించిన అద్దుడు కాగితం ముక్కలు. ఒక్కో ముక్కనీ పసుపులో ముంచి, కొస పట్టుకుని పైకి తీసి, చుక్కలు కారిపోయేదాకా ఆగి, వెనక వరండాలో కట్టిన దారం మీద వేలాడదీస్తోంది. అప్పటికే పాతిక ముక్కలు వరసగా ఆరుతున్నాయి.

“మనిషి మాట నేనెప్పుడెత్తానత్తా? ఈ నెలకి పంపొద్దన్నాను. అంతే గదా” అంది అర్పిత, ముందు కూర్చున్న కూతురికి జడ అల్లుతూ. పన్నెండేళ్ల నందిత ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు తల తిప్పుతోంది. తిప్పినప్పుడల్లా పాయ జారిపోతోంది.

“ఈ నెలకి వద్దంటే వచ్చే నెలకి అసలే వద్దని. ఆపాటి తెల్దేటి నాకు? ముప్పైయొక్క ఏళ్లు. ఒక్క నెల తప్పలేదు. కిరణుగాడికి అమ్మోరు పోసినప్పుడు కూడా ఈ సేతుల్తోనే సేసి పంపినాను.”

“దాదీ, మమ్మీ నే ఐసా నహీ బోలా.” మమ్మీ అలా అనలేదంటూ నందిత అమ్మ తరఫున వచ్చింది.

“నువ్వూరుకోవే గుంటా. పెద్దోళ్ల తగువులో నీ హిందీ ఒకటి.”

ఆ పసుపు కాగితాలు వెళ్లేది, హిందీ మాట్లాడే ఆ ఊళ్లో తెలుగువాళ్లుండే కాలనీ నీళ్ల ప్లాంటుకి. భద్రమ్మ భర్త ఆదిబాబు అక్కడ హెడ్ ఆపరేటర్‌గా చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఆయన చేరిన కొత్తలో ప్లాంటుకి సువర్ణరేఖ నది నీళ్లు వచ్చేవి. వానాకాలం వస్తే అవి నీళ్లు కావు, అంబలి. పటిక ఎంత వేసినా తేరేవి కావు. ముందు సున్నం కలిపి తరవాత పటిక వేస్తే బురద గడ్డకట్టి అడుక్కి దిగుతుందని ఆదిబాబు కనిపెట్టాడు. కానీ సున్నం ఎంత? దానికి ఉపాయం చెప్పింది భద్రమ్మ. పసుపూ సున్నం కలిస్తే పారాణి అవుతుందని తెలియని తెలుగు ఆడది ఉండదు. పసుపు కాగితం నీళ్లలో ముంచితే ఎర్రబడేదాకా సున్నం వేయమంది. ఆ ఏడాది ఊళ్లో అన్ని చోట్లా మురికినీళ్లొస్తే వీళ్ల కాలనీలో తేటనీళ్లు వచ్చాయి. అప్పటినుంచి అది ప్లాంటులో శాసనం. పై అధికారులు మారారు, పంపులు మారాయి, ఆ కాగితం మారలేదు.

అదే ప్లాంటు ల్యాబులో అర్పిత కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. “సున్నం ముందు వేయడమే తప్పు” అని నిన్న ఆమె ఇంజనీరుతో అన్న మాట, సాయంత్రం టీ వేళకి ఆపరేటర్ అసిరయ్య సైకిలెక్కి ఇంటికి వచ్చేసింది. అసిరయ్య ఆదిబాబు దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇంటిమనిషి లాంటివాడు. అందుకే ఉన్నదానికి రెండు కలిపి మరీ చెప్పి వెళ్లాడు.

అర్పిత భర్త రాజ్‌కిరణ్ ట్రక్కుల ఫ్యాక్టరీ యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ వరండాలోకి వచ్చాడు.

“ఎందుకొచ్చిన గొడవ ఇది? శనివారంతో ప్లాంటులో ఆ కొత్త యూనిట్ ట్రయల్ ఖతం. నీ కాంట్రాక్టూ ఖతం. నాలుగు రోజులు నోరు మూసుకుంటే అయిపోయేదానికి ఇంట్లో మనిషినే తప్పుపట్టాలా?”

“తప్పు మనిషిది కాదు, నీళ్లు మారాయి అంటన్నాను.”

“ఆఫీసులో అలగే చెప్పావా? ఆదిబాబు కోడలు ఆదిబాబుది తప్పంది. వాళ్లకి అదే వినపడతాది.”

ఆదిబాబు మంచం మీద కూర్చుని గ్లాసులో టీ ఊదుకుంటున్నాడు. ఇంత గొడవ జరుగుతున్నా ఆయన తలెత్తలేదు. టీ అయిపోయాక గ్లాసు కింద పెట్టి, ఎవరితోనో కాదన్నట్టు అన్నాడు: “తాతకి దగ్గులు నేర్పుతున్నాది.”

అర్పిత చేతిలో జడ ఆగింది. ఇంటికి వచ్చిన పదమూడేళ్లలో మావగారు ఆమెని ఒక మాట అనడం అదే మొదలు. రబ్బరు బ్యాండు బిగించి, కూతురి భుజం తట్టి లేపింది.

ప్లాంటుకి మోపెడ్ మీద పది నిమిషాలు. దారి పొడవునా దల్మా కొండ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో నది ఎండిపోతోందని మూడేళ్ల కిందట ఆ కొండలోని వాగుకి అడ్డుకట్ట కట్టి, పైపు వేసి నీళ్లు దింపారు. కొండ నీళ్లలో బురద లేదు. గ్లాసులో పోసి చూస్తే పలచటి డికాషన్‌లా ఉంటాయి. సాల చెట్ల ఆకులు వానకి నాని, కుళ్లి, ఆ రసం వాగులోకి దిగుతుంది. ఒక రోజంతా కదపకుండా ఉంచినా ఆ రంగు అడుక్కి దిగదు. కాలనీలో అన్నం గోధుమరంగు తిరుగుతోంది. తెల్లచొక్కాలు నాలుగు ఉతుకులకి పచ్చబారిపోతున్నాయి. పండగ వంటల మాట అటుంచి, రోజూ వండుకునే పప్పు కూడా నల్లబడుతోందని ఆడవాళ్లు కుళాయిల దగ్గర తిట్టుకుంటున్నారు.

దానికే ఆర్నెల్ల కిందట కొత్త యూనిట్ తెచ్చి పెట్టారు. రేకుల షెడ్డులో మనిషి ఎత్తున ఆరు తెల్ల గొట్టాలు. ఒక్కో గొట్టంలో సేమ్యా పోగుల్లాంటి బోలు దారాలు వేలకొద్దీ. నీళ్లు ఆ దారాల గోడల్లోంచి లోపలికి ఊరాలి, మిగిలిన చెత్త బయటే ఆగిపోవాలి. మెంబ్రేన్ అంటారు. అయితే ముందే పటికతో రంగుని గడ్డకట్టించి పంపాలి. గడ్డకట్టని రంగు ఆ దారాలకి జిగురులా పట్టేస్తుంది.

అర్పిత వెళ్లేసరికి షెడ్డులో హారన్ కూస్తోంది. ప్రెషర్ ముల్లు ఒకటిన్నర కేజీ దాటితే యూనిట్ దానంతట అదే ఆగిపోయి కూస్తుంది. శుభ్రంగా ఉంటే అర కేజీ దగ్గర ఉండాల్సిన ముల్లు. నెలకోసారి కడిగితే చాలని తెచ్చిన గొట్టాలని పూటకోసారి కడుగుతున్నారు.

“మళ్లీ పడుకున్నాది నీ సేమ్యా” అన్నాడు అసిరయ్య, హారన్ బొత్తాం నొక్కి ఆపుతూ. యాభై దాటిన మనిషి, సున్నం పట్టి తెల్లబారిన చేతులు. “నీళ్లు వడగట్టే పాత ఇసక పడక ముప్పై ఏళ్లు ఏ నీళ్లిచ్చినా మింగింది. ఈ మహారాణి నాలుగు గంటలు తట్టుకోలేదు.”

“మింగలేదు మావా, వదిలేసింది. రంగు మన కుళాయిల్లోకే వచ్చేది.”

“ఓహో. ఇంటికెళ్లి మీ మావగారికి కూడా ఇలగే సెప్పినావేటి?”

అర్పిత నవ్వింది. అసిరయ్య కూడా నవ్వాడు, కానీ మొహం తిప్పుకుని.

ల్యాబు అంటే ఒక గది. కిటికీ కింద ఆరు గాజు జాడీలు, ఆరింటినీ ఒకేసారి తిప్పే చిన్న తెడ్లు. నెల రోజులుగా ఆమె చేస్తున్న పని ఒకటే. ఆరు జాడీల్లోనూ కొండ నీళ్లు, ఒకే కొలత పటిక. సున్నం మాత్రం మొదటి జాడీలో లేకుండా, చివరిదానిలో అందరికంటే ఎక్కువ. నిమిషం సేపు జోరుగా తిప్పాలి, తరవాత పావుగంట నెమ్మదిగా. సున్నం లేని జాడీలో మొదట ఏమీ కనిపించదు. ఆ తరవాత నీళ్లలో పొగలాంటిది లేస్తుంది. పొగ నలకలవుతుంది, నలకలు ఒకదాన్నొకటి పట్టుకుని దూదిపువ్వుల్లా అవుతాయి. తెడ్లు ఆపగానే మెల్లగా దిగుతాయి. పైన మిగిలేవి నీళ్లు. వట్టి నీళ్లు. చివరి జాడీ మాత్రం డికాషన్‌లాగే కూర్చుంటుంది. ముప్పై రోజులు, ముప్పై పేజీలు. ఒక్క రోజు కూడా ఫలితం తారుమారు కాలేదు.

ఇంజనీరు సూర్యప్రకాశ్ ఆ పేజీలన్నీ చూశాడు. మంచివాడే. కాకపోతే ఎవరితోనూ పేచీ పెట్టుకోని మంచితనం ఆయనది. పదకొండింటికి అర్పితని గదిలోకి పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు. మెంబ్రేన్ తెచ్చిన కంపెనీ మనిషి రాసి ఇచ్చినది. యూనిట్‌లో లోపం లేదనీ, ల్యాబు రీడింగులు నమ్మదగ్గవి కావనీ, అందువల్లే ట్రయల్ విఫలమైందనీ ఉంది. కింద తేదీ శనివారానిది. సంతకాలు ఒక్కటే తక్కువ.

అర్పిత రెండుసార్లు చదివింది. “నా రీడింగులు ఆయన ఒక్కసారీ అడగలేదు సార్.”

“తెలుసమ్మా.”

“ఈ కాగితం మీద సంతకాలయితే నన్ను ఇంకో ల్యాబులో అడుగు పెట్టనిస్తారా?”

సూర్యప్రకాశ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “యూనిట్ శనివారం దాకా ఉంటుంది. రెండు రోజులు హారన్ కొట్టకుండా నడిస్తే ఈ కాగితం నేనే చింపేస్తాను.”

“అయితే సున్నం ఆపమని రాసివ్వండి.”

“కిందటి నెల సగం చేయమని రాసిచ్చాను, గుర్తుందా? మర్నాడు పొద్దున్నకి డ్రమ్ము మళ్లీ నిండుగా ఉంది. అడిగితే ‘కాగితం ఎర్రబడలేదు సార్’ అన్నారు. వాళ్లకి నా సంతకం కంటే మీ అత్తగారి కాగితం ఎక్కువ. నేనేం చేయను?” ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “మీ మావగారు వచ్చి ఒక్క మాట అంటే చాలు. అసిరయ్య మారు మాట్లాడడు. ఆయన్ని తీసుకురాగలవా?”

ఆ రోజు మంగళవారం. అర్పిత ఇంటికి వెళ్లేసరికి ఆదిబాబు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని సైకిలు గొలుసుకి నూనె పెడుతున్నాడు. ఆమె మోపెడ్ స్టాండు వేసి, సంచీ దింపకుండానే ఆయన ముందు గట్టు మీద కూర్చుంది.

“మావయ్యా, రేపు ఒక్కపాలి ప్లాంటుకి రావాల.”

“దేనికి? నాది తప్పని నలుగురిలో నాసేత సెప్పించడానికా?”

“చూడ్డానికి. చూసి మీకేటి అనిపిత్తే అదే చెప్పండి. నేను మాట్లాడను.”

లోపలి నుంచి భద్రమ్మ గొంతు వచ్చింది. “ఎల్లొద్దు. రిటైరైనోడికి అక్కడేటి పని? పిలిత్తే పిలిసినోళ్లు బండి పంపాల.”

ఆదిబాబు పెడల్ తిప్పాడు. గొలుసు చప్పుడు లేకుండా తిరిగింది. కంపెనీ మనిషి రాసిన కాగితం సంగతి అర్పిత అప్పుడు చెప్పింది. ఏడుపు లేదు, బతిమాలడం లేదు. ల్యాబు రీడింగులు నమ్మదగ్గవి కావని రాశారని మాత్రం చెప్పింది.

పెడల్ తిప్పే చెయ్యి ఆగిపోయింది.

“నీ సేతి రాతనా? ఆడేటి సూసినాడు?”

“చూడలేదు.”

ఆయన నూనె డబ్బా మూత బిగించాడు. “వత్తాను. నీ మాట సెప్పడానికి కాదు. అసిరిగాడు సున్నం సరిగ్గా ఏత్తన్నాడో లేదో సూత్తాను. ఏ నీళ్లయినా నాకు లొంగాల్సిందే.”

బుధవారం పొద్దున్న ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని సైకిలు మీద బయల్దేరాడు. కోడలి మోపెడ్ వెనక కూర్చోమంటే ఒప్పుకోలేదు. అర్పిత మోపెడ్‌ని నడక వేగంతో ఆయన పక్కనే నడిపింది. గేటు దగ్గర కాపలావాడు లేచి నిలబడ్డాడు. అసిరయ్య పరిగెత్తుకొచ్చి సైకిలు పట్టుకున్నాడు. “గురూ, వత్తావని కబురు పెడితే నేనొచ్చేవోణ్ని గదా.” పంపుల దగ్గరి వాళ్లు, గార్డెన్లో గడ్డి కోసేవాళ్లు అంతా చేరారు. అక్కడ ఆయన వెళ్లిపోయి రెండేళ్లు గడిచినట్టే లేదు.

ఆదిబాబు నేరుగా సున్నం డ్రమ్ము దగ్గరికి వెళ్లాడు. చేయి ముంచి రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు. “గరుగ్గా ఉన్నాది. నిన్న నానెట్టలేదేట్రా?” అసిరయ్య తల గోక్కున్నాడు. ఆదిబాబు నీళ్లలో సున్నం కలిసే కాలవ మీదికి వంగి, జేబులోంచి పసుపు కాగితం తీసి ముంచాడు. గట్టు మీద ఆరబెట్టి చూస్తే అరచేతిలో ఎండిన పారాణి రంగు తిరిగింది. కానీ కాలవలో నీళ్లు టీ రంగులోనే ఉన్నాయి.

“సున్నం సాల్లేదు” అన్నాడు ఆదిబాబు. “కొండ నీళ్లు గదా, మొండివి. ఇంకో బొక్కెన ఎయ్యి.”

అర్పిత నోరు విప్పబోయి, నిన్న ఇచ్చిన మాట గుర్తొచ్చి ఊరుకుంది. నోట్‌బుక్ తెరిచి టైము మాత్రం రాసుకుంది. తొమ్మిది ఇరవై.

రెండు బొక్కెనలు అయ్యాయి. నీళ్లు తేరలేదు సరికదా, రంగు చిక్కబడింది. ముందు టీ లాంటివి, ఇప్పుడు ఇప్పపూల కషాయంలా అయ్యాయి. గట్టు చుట్టూ నిలబడ్డ వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆదిబాబు కాలవ పొడవునా నడిచాడు, మడ్డి అడుక్కి దిగే సెటిలింగ్ తొట్టి దాకా వెళ్లి వంగి చూశాడు. పటిక పువ్వు కోసం వెతుకుతున్నాడని అర్పితకి అర్థమైంది. నీళ్లలో కట్టే ఆ తునకల్ని అందరూ ఫ్లాక్ అంటే ఆయన ఒక్కడే పువ్వు అనేవాడు. తొట్టిలో ఒక్క పువ్వు లేదు.

పదీ నలభైకి షెడ్డులో హారన్ కూసింది. నాలుగు గంటలు నడిచే యూనిట్ గంటా ఇరవై నిమిషాలకే ఆగిపోయింది.

అసిరయ్య బొత్తాం నొక్కడానికి కదలబోతే ఆదిబాబు చెయ్యి అడ్డం పెట్టాడు. హారన్ కూస్తూనే ఉంది. ఆయన ప్రెషర్ ముల్లు ముందు నిలబడి దాన్నే చూస్తున్నాడు. ముప్పైయొక్క ఏళ్లు ఈ ఆవరణలో ఆయన మాటకి ఎదురు చెప్పింది ఏదీ లేదు, మనుషులూ యంత్రాలూ కూడా. కాసేపటికి తనే వేలితో బొత్తాం నొక్కి ఆపాడు.

“నీ జాడీలు ఎక్కడున్నాయి?” అని అడిగాడు, కోడలి వైపు చూడకుండా.

ల్యాబులో ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. అర్పిత ఆరు జాడీలూ నింపి, పటిక కొలిచి, తెడ్లు తిప్పింది. కిటికీ అవతల పదిమంది తొంగి చూస్తున్నారు. ఒకరు దగ్గితే ఇంకొకరు కసిరారు. ఆదిబాబు కళ్లు ఆరో జాడీ మీద ఉన్నాయి, సున్నం ఎక్కువ వేసినదాని మీద. అది నల్లబడింది. చాలాసేపటికి కళ్లు పక్కకి జరిపి, జరిపి, మొదటి జాడీ దగ్గరికి వచ్చాడు. అందులో పొగ లేచింది. నలకలయింది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టి ముందుకి వంగాడు.

“పువ్వు కట్టింది” అన్నాడు గొంతు తగ్గించి.

తెడ్లు ఆగాయి. పువ్వులు దిగుతుంటే ఆయన ఊపిరి కూడా వాటితో పాటే దిగుతున్నట్టు ఉంది. జాడీ పైసగం తేటపడ్డాక దాన్ని రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుగుకి పెట్టాడు.

“పసుపేటి తప్పు సెప్పలేదు” అన్నాడు చివరికి. “నీళ్లు మారినాయి. నాను నీళ్లకేసి సూళ్లేదు, కాయితంకేసి సూసినాను.” జాడీ కిందపెట్టి తొలిసారి అర్పిత మొహంలోకి చూశాడు. “సరే. మరి పైపులో? పటిక ఒక్కటే ఏసి వదిలితే నీళ్లు పుల్లబారతాయి. ఇనప పైపుల్ని కొరికేత్తాయి. ఏడాది తిరక్కుండా ఇంటింటా తుప్పు నీళ్లొత్తాయి. అది లెక్కేసినావా?”

ఆ ప్రశ్న ఇంజనీరు అడగలేదు, కంపెనీ మనిషి అడగలేదు. అర్పిత ఆనందం పట్టలేక నోట్‌బుక్ చివరి పేజీ తీసి ఆయన ముందు పెట్టింది. “సున్నం మానక్కర్లేదు మావయ్యా. చోటు మార్చాల. పటిక ముందు కాదు, మెంబ్రేన్ దాటాక, తేటనీళ్ల తొట్టిలో. రంగు పోయేక ఏత్తే నల్లబడ్డానికి ఏటీ ఉండదు. పైపులూ బతుకుతాయి.”

ఆదిబాబు ఆ పేజీ చదవలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

“అసిరిగా! కాలవ మీద సున్నం కట్టెయ్. డ్రమ్ము తేటనీళ్ల తొట్టి కాడికి దొర్లించు.”

“గురూ…”

“దొర్లించు అన్నాను.”

డ్రమ్ముని నలుగురు దొర్లించారు. ఆదిబాబు ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, రబ్బరు గొట్టం తనే బిగించాడు. చుక్క చుక్కగా పడేలా కుళాయి సరిచేసి, అసిరయ్య చేతిలో ఒక పసుపు కాగితం పెట్టాడు. “ఇక్కడిది ఎర్రబడకూడదు. ఎర్రబడిందా, ఎక్కువ పడినట్టు. పసుపు పసుపులాగే ఉండాల. తెలిసిందా?” అసిరయ్యకి అది తలకిందులుగా వినిపించి ఉంటుంది. రెండుసార్లు పైకే అనుకున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి గొట్టాలు కడిగి యూనిట్ మొదలుపెట్టారు. ముల్లు అర కేజీ దగ్గర నిలిచింది. ఐదింటికి చూస్తే అక్కడే ఉంది. నాలుగు గంటల గండం దాటిపోయింది. అసిరయ్య షెడ్డు గుమ్మంలో బీడీ వెలిగించడం కూడా మర్చిపోయి చేతిలో పట్టుకు నిలబడ్డాడు. గురువారం పొద్దున్న ముల్లు వెంట్రుకవాసి కదిలింది. శుక్రవారం కూడా అంతే. హారన్ అనే వస్తువు అక్కడ ఉన్నట్టు అందరూ మర్చిపోయారు. శుక్రవారం మధ్యాహ్నం కుళాయి దగ్గర పక్కింటి పైడితల్లి బిందె సగం నిండాక ఆపి, ఒంపేసి, మళ్లీ పట్టింది. “ఏటి భద్రమ్మొదినా, బిందె అడుగు కనపడతన్నాది! మీ కోడలేనటగా?” అని వీధంతా వినేలా అరిచింది. భద్రమ్మ తన బిందె ఎత్తుకుని లోపలికి వచ్చేసింది. కానీ ఆ సాయంత్రం కోడలు ఇల్లు చేరేసరికి టీ కాచి మూతపెట్టి ఉంచింది. అలా ఎప్పుడూ ఉంచలేదు.

శనివారం కంపెనీ మనిషి వచ్చాడు. గొట్టాలు విప్పించి దారాలు తడిమి చూశాడు. రంగు రీడింగ్ తనే తీసుకున్నాడు. కొండ నీళ్లలో తొంభై, తేటనీళ్ల తొట్టిలో నాలుగు. నమ్మలేక మళ్లీ తీశాడు, మళ్లీ నాలుగే. అప్పుడు అర్పిత నోట్‌బుక్ అడిగాడు. నిలబడే మొదలుపెట్టి, పదో పేజీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, ముప్పై పేజీలూ చదివాడు. “గల్తీ హో గయీ, మేడమ్” అని తలదించి తప్పు ఒప్పుకున్నాడు. సూర్యప్రకాశ్ మాట నిలబెట్టుకున్నాడు. ఆ కాగితాన్ని అందరి ముందూ రెండు చింపుల్లో నాలుగు ముక్కలు చేశాడు.

తరవాత మందుల పుస్తకం తెప్పించాడు. రోజూ పొద్దున్న ఎంత పటిక, ఎంత సున్నం అన్నది రాసి సంతకం పెట్టే పుస్తకం అది. ప్లాంటు నడిచేది ఆ సంతకం మీద. మొదట ఆదిబాబుది ఉండేది, ఇప్పుడు అసిరయ్యది.

“కొత్త పద్ధతి ఇందులో ఎక్కించాలి” అన్నాడు సూర్యప్రకాశ్ హుషారుగా. “ఆదిబాబు గారి సలహా ప్రకారం అని రాద్దాం. మనుషులు కిక్కురుమనరు. ఆయనకి ఒక శాలువా కప్పుదాం. నీ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తాను. అందరికీ బాగుంటుంది. ఏమంటావు?”

అందరికీ బాగుండే మాటే.

“కొత్త యూనిట్‌కి షిఫ్టు ఇన్‌చార్జి పోస్టు వేశారు కదా సార్. బీఎస్సీ ఉండాలన్నారు, నాకుంది.”

“అది పర్మనెంటు పోస్టు. పొద్దున్న ఆరింటికి వచ్చి నిలబడాలి, పదకొండుమంది మగాళ్ల చేత పని చేయించాలి. నీకు ఇల్లూ వాకిలీ ఉన్నాయి, అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకని…”

“అడగండి సార్.”

సూర్యప్రకాశ్ ఆమెని ఎగాదిగా చూశాడు. తరవాత నవ్వాడు. ఈసారి పేచీ తప్పించుకునే నవ్వు కాదు. పుస్తకాన్ని ఆమె వైపు తిప్పి, పెన్ను మూత తీసి ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇల్లంతా భోజనాల సందడి. భద్రమ్మ గోల్‌మురి బజారు నుంచి చేపలు తెప్పించి పులుసు పెట్టింది. అసిరయ్యని కూడా పిలిచారు. పంక్తిలో ఆదిబాబు, పక్కన అసిరయ్య, ఎదురుగా రాజ్‌కిరణ్, నందిత. శాలువా మాట ఎలా బయటికి వచ్చిందో గానీ భద్రమ్మ చెవిన పడింది.

“ఏనాడో కప్పాల్సింది” అంటోంది ఆవిడ, భర్త విస్తట్లో ముక్కలు ఏరి వేస్తూ. “రిటైరైన రోజున ఓ గడియారం ఇచ్చి పంపేసినారు. ఇప్పటికి పేరు పుస్తకంకెక్కింది.”

“నా పేరేటి?” అన్నాడు ఆదిబాబు. “నాను డ్రమ్ము దొర్లించినాను.”

“అదే లేకపోతే ఏటయ్యేది?” అన్నాడు రాజ్‌కిరణ్. “పోన్లే, మొత్తానికి ఇజ్జత్‌తో ముగిసింది. ఇంక ఏడాది పొడిగిత్తామన్నా వద్దనీ అర్పితా. హాయిగా ఇంట్లో ఉండు.”

అర్పిత అన్నం గిన్నె పట్టుకుని వరసలో వడ్డిస్తూ వస్తోంది. అసిరయ్య దగ్గర ఒక గరిటె, నందిత దగ్గర అర గరిటె. భర్త దగ్గరికి వచ్చి అతనికీ వడ్డించింది. గిన్నె కింద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

“పుస్తకంలో మావయ్య పేరు లేదత్తా” అంది. గొంతు పెంచలేదు. పెంచకపోవడం వల్లే అందరూ తలెత్తారు. “నా పేరు రాసి నేనే సంతకం పెట్టాను. పొడిగింపు కాదు, షిఫ్టు ఇన్‌చార్జి పోస్టు తీసుకున్నాను. రేపట్నించి పొద్దున్న ఆరింటికి అక్కడ ఉంటాను. పటికకీ సున్నానికీ లెక్క నేనే రాత్తాను. ఒప్పుకుని వచ్చేశాను.”

రాజ్‌కిరణ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నందిత “సచ్చీ, మమ్మీ?” అని సగం లేచి, నాయనమ్మ మొహం చూసి మళ్లీ కూర్చుంది. భద్రమ్మ పులుసు గరిటె గాల్లో పట్టుకుని భర్త ఏమంటాడా అని చూస్తోంది.

ఆదిబాబు ముద్ద కలుపుకుని, తిని, నీళ్లు తాగాడు. తొందరేమీ పడలేదు. అప్పుడు పక్కకి తిరిగాడు.

“ఇన్నావు గదట్రా అసిరిగా?”

అసిరయ్య ఒక్క క్షణం గురువు మొహంలోకి చూశాడు. తరవాత విస్తట్లోంచి చెయ్యి తీసి, నిటారుగా కూర్చుని, అర్పిత వైపు తిరిగి అడిగాడు: “రేపటికి పటిక ఎంత నానెట్టమంటావు?”

“పొద్దున్న వచ్చి నీళ్లు చూసి చెప్తాను” అంది అర్పిత.